నేను, నాలుగు క్వాంటం సంఖ్యలు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గంలోని విద్యార్థులు నన్ను కోరినప్పుడు, ఏ ప్రబంధకవిని గూర్చో, ఏ శతకకర్తను గూర్చో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. తెలుగు ఉపన్యాసకుని వద్ద అంతకు మించి ఆశించేది ఏముంటుంది? కాని ఈ యేడు పరమాణువులోని ఎలక్ట్రానుల అమరికను గూర్చి వ్రాయదలచాను. ఈ మాట చెప్పగానే అధ్యాపకుల గదిలో నవ్వులు వినిపించాయి. "రసాయనశాస్త్రం వారికి పని లేకుండా చేస్తారా ఏమిటి?" అని ఒక మిత్రుడు హాస్యమాడాడు. వారి పనిలో తలదూర్చే ఉద్దేశం నాకు లేదు. ఆ శాస్త్రానికి నేను ఇరవై ఏండ్లుగా బాకీపడి ఉన్నాను. అది తీర్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

నేను 2003లో ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడు తీసుకొన్నది సైన్సే. మా నాన్న దర్జీ. రంజాను నెలలో తెల్లవార్లూ మిషను త్రొక్కి, ఆ సంపాదనతో నాకు పుస్తకాలు కొన్నాడు. నేను చదివింది తెలుగు మాధ్యమం. రసాయనశాస్త్రంలో మొదటి పెద్ద పాఠం పరమాణు నిర్మాణం. ప్రధాన క్వాంటం సంఖ్య, ఎజిముథల్ క్వాంటం సంఖ్య, అయస్కాంత క్వాంటం సంఖ్య, స్పిన్ క్వాంటం సంఖ్య - ఈ నాలుగింటినీ పద్యం వల్లించినట్లు వల్లించాను. 1ఎస్, 2ఎస్, 2పీ, 3ఎస్, 3పీ, ఆ తరువాత 4ఎస్, ఆ పిమ్మట 3డీ అని ఎలక్ట్రానులు నిండే వరుస కూడ కంఠస్థమే. ఎస్, పీ, డీ, ఎఫ్ అనే అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయో, అవి దేనిని చెబుతున్నాయో మాత్రం నాకు తెలియదు.

ఒకనాడు ధైర్యం చేసి తరగతిలో లేచి నిలబడ్డాను. "సార్, మూడవ దాంట్లో 3డీ ఖాళీగా ఉంది కదా. పొటాషియంలో పంతొమ్మిదవ ఎలక్ట్రాను దాన్ని వదిలిపెట్టి నాలుగవ దాంట్లోకి ఎందుకు పోతుంది?" అని అడిగాను. "పరీక్షలో 'ఎందుకు' అని అడగరు. పటం గీసి బాణాలు వేయి, మార్కులు వేస్తారు" అన్నారు మాస్టరుగారు. తరగతి అంతా నవ్వింది. ఆయనను తప్పుపట్టటానికి ఈ సంగతి వ్రాయటం లేదు. నూరుమందికి పైగా ఉన్న తరగతి, ముగించవలసిన పాఠ్యప్రణాళిక, ముంచుకొని వస్తున్న పరీక్షలు - ఆయన ఇబ్బందులు ఆయనవి. కాని ఆనాటి తరువాత ఆ తరగతిలో నేను మళ్లీ లేచి నిలబడలేదు. ఆ సంవత్సరం వార్షిక పరీక్షలో రసాయనశాస్త్రంలో నాలుగు మార్కులు తక్కువై తప్పాను. నాన్న ఏమీ అనలేదు. కత్తిరిస్తున్న గుడ్డ ప్రక్కన పెట్టి, "పోనీలే బేటా, మళ్లీ రాయి" అన్నాడు. సప్లిమెంటరీలో గట్టెక్కాను. కాని మనస్సు విరిగిపోయింది. డిగ్రీలో ఆర్ట్సుకు మారి, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివాను. అడిగిన వారికల్లా "సాహిత్యంపై మక్కువతో సైన్సు వదులుకొన్నాను" అని చెబుతూ వచ్చాను. అందులో సగమే నిజం. మిగిలిన సగం భయం.

గత విద్యాసంవత్సరంలో ఇంటర్మీడియట్ విభాగంలో ఒక సమస్య వచ్చింది. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఇక్కడ తెలుగు మాధ్యమంలో చేరిన పిల్లలు సైన్సు పాఠాలలోని మాటలు తెలియక వెనుకబడుతున్నారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, పాఠాలు చెప్పేది తెలుగు అయిన అధ్యాపకుణ్ణి నేనే గనుక, సాయంత్రం ఒక గంట వారికి ఆ పదాల అర్థాలు చెప్పమని ప్రిన్సిపాల్‌గారు ఆదేశించారు. సైన్సు చెప్పనక్కరలేదు గదా, మాటలు చెబితే చాలు గదా అని ఒప్పుకొన్నాను.

రెండవ వారంలోనే చిక్కు వచ్చిపడింది. పరమాణువును ఉర్దూలో జౌహర్ అంటారు, కక్ష్యను మదార్ అంటారు అని బల్లమీద వ్రాస్తున్నాను. వెనుక వరుసనుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, కక్ష్య అంటే మదార్. మరి ఆర్బిటాల్ అంటే ఏంది సార్?" అన్నది. "రెండూ ఒకటేనమ్మా" అన్నాను. "ఒకటే అయితే పుస్తకంలో రెండు మాటలు ఎందుకు పెట్టినారు సార్?" అన్నది.

నాకు జవాబు తెలియదు. "రేపు చెబుతాను" అని గంట ముగించాను. బయటకు వచ్చిన తరువాత తోటి విద్యార్థులవల్ల మరొక విషయం తెలిసింది. త్రైమాసిక పరీక్షలో ఆ అమ్మాయికి రసాయనశాస్త్రంలో చాల తక్కువ మార్కులు వచ్చాయట. ఆటో నడుపుకొనే వాళ్ల నాన్న వచ్చేవారం కళాశాలకు వచ్చి టి.సి. తీసుకొని వెళతాడట. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మరునాడు మా రసాయనశాస్త్ర అధ్యాపకుణ్ణి కలిసి, ఇరవై ఏండ్ల నాటి నా కథ కూడ దాచకుండ చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వి, "పాఠం మళ్లీ మొదటినుంచి చెబుతున్నాను, వచ్చి కూర్చోండి" అన్నారు. వారం రోజులపాటు నా విద్యార్థులతోబాటు నేనుకూడ వెనుక బల్లమీద కూర్చున్నాను. మొదటి రోజు పిల్లలు నావైపే చూశారు. రెండవ రోజుకు మరచిపోయారు. అక్కడ నేను నేర్చుకొన్నది నాకు తెలిసిన మాటల్లో చెబుతాను.

కక్ష్య అన్న మాట నీల్స్ బోర్ 1913లో ప్రతిపాదించిన నమూనాకు చెందినది. సూర్యుని చుట్టూ గ్రహాలవలె, కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాను నిర్ణీతమైన శక్తి గల దారులలో తిరుగుతుందని ఆయన భావించాడు. హైడ్రోజను వర్ణపటంలోని రేఖలను ఆ నమూనా చక్కగా వివరించింది. ఒకటికంటె ఎక్కువ ఎలక్ట్రానులున్న పరమాణువుల దగ్గర తడబడింది. 1926లో ష్రోడింగర్ ఎలక్ట్రానును తరంగంగా భావించి ఒక సమీకరణం వ్రాశాడు. ఆ తరంగం ఎలక్ట్రాను ఎక్కడ కనిపించే అవకాశం ఎంత ఉన్నదో చెబుతుందని అదే సంవత్సరం మాక్స్ బార్న్ వివరించాడు. అప్పటినుంచి పరమాణువులో గీత గీసినట్టి దారి లేదు. ఎలక్ట్రాను ఉండే అవకాశం హెచ్చుగా ఉన్న ప్రదేశమే ఉన్నది. ఆ ప్రదేశమే ఆర్బిటాల్. కక్ష్య అంటే దారి, ఆర్బిటాల్ అంటే తావు. పుస్తకంలో రెండు మాటలు ఉండటానికి కారణం అదే. రెండూ ఒకటేనని నేను ఆ అమ్మాయికి చెప్పిన మాట 1926కు పూర్వపు మాట!

ఇక నాలుగు సంఖ్యలు. ఎవరో గదిలో కూర్చొని కల్పించిన నియమాలని నేను ఆనాడు అనుకొన్నాను. అవి కొలిమిలోనుంచి వచ్చినట్లు వెలుగులోనుంచి వచ్చాయని ఆ తరగతిలో తెలిసింది. మా మిత్రుడు స్పిరిటు దీపం వెలిగించి, ఉప్పునీటిలో ముంచిన తీగను మంటలో పెట్టారు. మంట పసుపుపచ్చగా మారింది. ఉప్పులో సోడియం ఉన్నది. సోడియం పరమాణువులో పదకొండు ఎలక్ట్రానులు. పది లోపల నిండుగా సర్దుకొనగా పదకొండవది ఒంటరిగా 3ఎస్‌లో ఉంటుంది. వేడికి అది 3పీకి ఎగిరి, మళ్లీ 3ఎస్‌కు దిగేటప్పుడు ఆ పసుపు వెలుగును విడుస్తుంది. ఇంట్లో అన్నం పొంగి ఉప్పునీరు గ్యాసు మంటలో పడినప్పుడు కనిపించే పసుపు కూడ ఇదే.

ఆ వెలుగును పట్టకం గుండా పంపి చూసిన పూర్వులు, సోడియంవంటి లోహాల రేఖలను వాటి రూపాన్నిబట్టి వర్గాలుగా విభజించారు. స్పష్టంగా ఉన్న వాటిని షార్ప్ అని, ముఖ్యమైన వాటిని ప్రిన్సిపల్ అని, అలికినట్లున్న వాటిని డిఫ్యూజ్ అని, మరొక వర్గాన్ని ఫండమెంటల్ అని పిలిచారు. ఆ పేర్ల మొదటి అక్షరాలే ఎస్, పీ, డీ, ఎఫ్. ఇరవై ఏండ్లు నా నాలుకమీద ఉన్న అక్షరాలకు అర్థం ఆనాడు తెలిసింది.

మొదటి సంఖ్య ఎలక్ట్రాను ఉండే తావు ఎంత పెద్దదో, దాని శక్తి ఏపాటిదో ప్రధానంగా చెబుతుంది. రెండవది దాని ఆకారం చెబుతుంది. ఎస్ గుండ్రనిది, పీ రెండు బుడిపెల డంబెల్ వంటిది. మూడవది అది ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో చెబుతుంది. పీకి మూడు దిక్కులు, డీకి అయిదు, ఎఫ్‌కు ఏడు. ఈ మూడవ సంఖ్య అవసరం అయస్కాంతం దగ్గర బయటపడింది. 1896లో హాలండు దేశంలోని లైడెన్ నగరంలో జీమన్ అనే శాస్త్రజ్ఞుడు సోడియం మంటను బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య ఉంచి చూశాడు. పసుపు రేఖలు వెడల్పయినాయి. అయస్కాంతం లేనప్పుడు ఒకే శక్తితో కలిసి ఉన్న స్థితులు అది వచ్చినప్పుడు విడిపోతాయి. ఆ పరిశోధనకు ఆయనకూ, దానికి వివరణ ఇచ్చిన లోరెంజ్‌కూ 1902లో నోబెల్ బహుమానం లభించింది. మన వంటింటి ఉప్పుకు ఆ గౌరవంలో వాటా ఉన్నదని మా మిత్రుడు అంటే పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఈ సంఖ్యలను ఎలక్ట్రాను చిరునామా అనవచ్చు. ఊరు, వీధి, ఇల్లు, గది అన్నట్లు. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రానులకూ నాలుగు సంఖ్యలూ ఒకటే కారాదని 1925లో పౌలీ చెప్పాడు. ఈ నిషేధం లేకపోతే ఎలక్ట్రానులన్నీ కేంద్రకానికి దగ్గరగా ఉన్న 1ఎస్‌లోనే చేరిపోతాయి. అప్పుడు ఉప్పుకూ బంగారానికీ ఈనాడున్న భేదం ఉండదు. మనమూ ఉండము. ఒక్కొక్క ఆర్బిటాల్‌లో రెండేసి చొప్పున లెక్కించుకొంటే 2, 8, 18, 32 అనే సంఖ్యలు వాటంతట అవే వస్తాయి.

సమాన శక్తి గల ఆర్బిటాల్‌లు ఉన్నప్పుడు ఎలక్ట్రానులు ముందు ఒక్కొక్కదానిలో ఒక్కొక్కటి చేరి, ఆ తరువాతనే జతకట్టుతాయనేది హుండ్ నియమం. ఆర్.టి.సి. బస్సులో ఎక్కినవారు ఖాళీ సీట్లు ఉన్నంతవరకు ఎవరికి వారు వేరుగా కూర్చోవటం ఎరుగనిది ఎవరు? ఎలక్ట్రానులు ఒకదాని నొకటి వికర్షించుకొంటాయి. అందుకని ఎడం కోరతాయి.

ఇప్పుడు నా పాత ప్రశ్న. పొటాషియం పంతొమ్మిదవ ఎలక్ట్రాను 3డీని వదలి 4ఎస్‌కు ఎందుకు పోతుంది? మొదటి రెండు సంఖ్యల మొత్తం ఎక్కడ తక్కువో అక్కడికి ముందు పోతుందని సూత్రం. 4ఎస్‌కు నాలుగూ సున్నా కలిపితే నాలుగు. 3డీకి మూడూ రెండూ కలిపితే అయిదు. అయితే సూత్రం కారణం కాదు. కారణం ఇది: ఎస్ ఎలక్ట్రాను లోపలి ఎలక్ట్రానుల తెరను చొచ్చుకొని కేంద్రకానికి చేరువగా పోగలదు. డీ ఎలక్ట్రాను అంతగా పోలేదు. చేరువైన దానికి ఆకర్షణ ఎక్కువ, శక్తి తక్కువ. అందువల్లనే మూడవ కక్ష్యలో 18 ఎలక్ట్రానులు పట్టే చోటున్నా, ఆవర్తన పట్టిక మూడవ వరుస ఎనిమిది మూలకాలతో ఆగిపోయింది. నేను ఆనాడు అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. ఆ పట్టిక రూపమంతా దానిమీద ఆధారపడి ఉన్నది. ఈ సంగతి విన్నప్పుడు వెనుక బల్లమీద నా కళ్లు చెమర్చాయని చెప్పటానికి సిగ్గుపడటం లేదు.

మరొక విశేషం. ఇనుములో 4ఎస్ ముందు నిండుతుంది. కాని ఇనుము ఎలక్ట్రానులను కోల్పోయేటప్పుడు ముందు పోయేవి కూడ ఆ 4ఎస్‌లోనివే. 3డీ నిండుతున్నకొద్దీ శక్తుల వరుస మారిపోతుంది. క్రోమియంలో 4ఎస్ నుంచి ఒకటి 3డీకి చేరి అక్కడ అయిదవుతాయి. సగం నిండితే స్థిరత్వం ఎక్కువని పుస్తకం చెబుతుంది. ఒక విద్యార్థి, "అన్నిచోట్లా అంతేనా సార్?" అన్నాడు. మా మిత్రుడు తడుముకోకుండ, "కాదు. క్రోమియం ఉన్న నిలువు వరుసలోనే క్రింద టంగ్‌స్టన్ ఉన్నది. దానిలో డీలో నాలుగే, ఎస్‌లో రెండు. ఈ ఒక్క కారణంతో అన్నింటినీ వివరించలేము. పరీక్షకు పుస్తకంలోది వ్రాయండి, మనస్సులో ఈ సందేహం ఉంచుకోండి" అన్నారు. అధ్యాపకుడు అట్లా మాట్లాడటం నేను తరగతిలో వినటం అదే మొదలు.

నాలుగవ సంఖ్య కథ విద్యార్థులందరూ వినదగినది. 1925 ఆరంభంలో క్రోనిగ్ అనే ఇరవై ఏండ్ల యువకునికి, ఎలక్ట్రాను తనచుట్టూ తాను బొంగరంవలె తిరుగుతుందేమో అన్న ఆలోచన వచ్చింది. పౌలీకి చెప్పాడు. పౌలీ దానిని త్రోసిపుచ్చాడు. క్రోనిగ్ దానిని ప్రచురించలేదు. ఆ సంవత్సరమే కొన్ని నెలల తరువాత లైడెన్‌లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే ఇద్దరు యువకులకు అదే ఆలోచన వచ్చింది. వ్యాసం వ్రాసి గురువు ఎహ్రెన్‌ఫెస్ట్ చేతికిచ్చారు. ఇంతలో పెద్దవాడైన లోరెంజ్‌ను అడిగితే, ఎలక్ట్రాను అంత వేగంగా తిరగాలంటే దాని అంచు కాంతివేగాన్ని మించవలసి వస్తుందని అభ్యంతరం చెప్పాడు. వారు భయపడి వ్యాసం వెనక్కు ఇమ్మని గురువును అడిగారు. ఆయన అప్పటికే దానిని పంపివేశాడు. మీరింకా చిన్నవారు, ఒక తెలివితక్కువ పని చేసినా ఫరవాలేదు అన్నాడట.

లోరెంజ్ అభ్యంతరం సరియైనదే. ఎలక్ట్రాను నిజానికి తిరిగే బొంగరం కాదు. అయినా ఆ రెండు విలువల లక్షణం నిజమని తేలింది. స్పిన్ అన్న పేరు నిలిచిపోయింది. సోడియం పసుపు రేఖ ఒకటి కాదు, దగ్గర దగ్గరగా ఉన్న జంట రేఖలు. ఆ జంటకు కారణం ఈ స్పిన్నే. ఒకే ఆలోచన. ఒకచోట ఒక మాటతో ఆగిపోయింది, మరొకచోట ఒక మాటతో ముందుకు సాగింది.

ఈ కథ విన్న సాయంత్రం నాకు మరొక జ్ఞాపకం వచ్చి బాధించింది. క్రిందటి యేడు ఛందస్సు చెబుతుండగా ఒక అబ్బాయి, "'సత్యం'లో 'స' హ్రస్వమే కదా సార్, గురువు ఎట్లా అయింది?" అని అడిగాడు. "లక్షణకర్తలు అట్లా చెప్పారు, గుర్తుపెట్టుకో" అని కూర్చోబెట్టాను. ఇరవై ఏండ్లు నేను మోసిన మాటనే, అంత తేలికగా, మరొకనికి అప్పగించాను. ఆ అబ్బాయిని వెదకి పిలిపించాను. 'సత్యం' అని మెల్లగా పలకమన్నాను. 'సత్' దగ్గర నాలుక ఆగి నిలుస్తుంది చూడు, ఆ నిలిచిన కాలమే దానిని గురువును చేసిందని చెప్పాను. వాడు రెండు మూడుసార్లు పలికి చూసుకొని, "ఈ మాట అప్పుడే చెప్పివుంటే అయిపోయేది కదా సార్" అన్నాడు. నిజమే.

ఆ అమ్మాయి సంగతి. కక్ష్యకూ ఆర్బిటాల్‌కూ భేదం ఉన్నదని, నేను తప్పు చెప్పానని ఆ పిల్లలందరి ఎదుట ఒప్పుకొన్నాను. వాళ్ల నాన్న టి.సి. కోసం వచ్చినప్పుడు మా రసాయనశాస్త్ర మిత్రుడూ, నేనూ ఆయనతో మాట్లాడాము. "భాయీసాబ్, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నాకే జవాబు తెలియలేదు. వార్షిక పరీక్షల వరకు ఆగండి" అన్నాను. ఆయన నమ్మీ నమ్మనట్లు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లాడు. ఆ అమ్మాయి వార్షిక పరీక్షలో ఉత్తీర్ణురాలయింది. మార్కులు గొప్పవేమీ కావు. ఇప్పుడు ద్వితీయ సంవత్సరం చదువుతున్నది. భౌతికశాస్త్రం ఇంకా కష్టంగానే ఉన్నదట. ప్రశ్నలు వేయటం మాత్రం మానలేదు.

మొన్న ఒక ఆదివారం మా ఇంట్లో అన్నం పొంగి మంట పసుపయింది. నాన్నకు ఇప్పుడు చూపు తగ్గింది. అయినా ఆ రంగు కనిపించింది కాబోలు, "యే పీలా కైకు హోతా బేటా?" అన్నాడు. ప్రక్కన కూర్చొని పదకొండు ఎలక్ట్రానుల కథ చెప్పాను. ఎంత అర్థమయిందో తెలియదు. అంతా విని, "నీకు వచ్చేసిందే ఆ పాఠం" అన్నాడు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒకటి. ఉర్దూ మాధ్యమంనుంచి వచ్చే పిల్లల కోసం ఆ సాయంత్రపు గంటను ప్రతి యేడూ కొనసాగించాలి. అది నావంటి భాషాధ్యాపకునితోబాటు ఒక సైన్సు అధ్యాపకుడు కూడ కూర్చునే గంట కావాలి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాటలు మూడు వరుసలుగా ఉన్న చిన్న పదకోశం ఒకటి అచ్చువేయించాలి. ఇది మనకు క్రొత్త కాదు. ఉర్దూలో ఉన్నతవిద్య చెప్పటానికి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసినప్పుడు, పుస్తకాల కోసం అంతకు ముందు యేడే అనువాద సంస్థను నెలకొల్పారు. తెలుగులో కళాశాల పుస్తకాల కోసం 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. ఆ పెద్దలు వేసిన రెండు బాటలూ మన కళాశాల వాకిట కలుస్తున్నాయి.

విద్యార్థులారా, మీకు చెప్పవలసింది కొంచెమే. నియమం కంఠస్థం చేయండి, పరీక్షకు అది అవసరం. ఆ తరువాత లేచి నిలబడి 'ఎందుకు' అని అడగండి. ఎవరైనా నవ్వితే మరునాడు మళ్లీ అడగండి. నా తరగతిలో నేను జవాబు చెప్పకపోతే, ఈ వ్యాసం తెచ్చి నా ముందు పెట్టండి.